నేలగీత కింద

పదకొండేళ్లుగా నల్లబల్ల మీద
ఒకే మందారం గీస్తున్నాను.
బయట ఆకుపచ్చ గిన్నె, రక్షక పత్రాలు.
లోపల రంగు, ఆకర్షణ పత్రాలు.
నడుమ కేసరాలు, వాటిని దాటి పైకొచ్చే కీలం,
అడుగున అండాశయం.
కళ్లు మూసుకున్నా సుద్దముక్క తప్పు పోదు.

లువింగు బడిలో వానాకాలం.
రేకుల కప్పు మోతలో నా గొంతు నాకే వినపడని రోజు
కసుబ తడిసిన గుప్పిట విప్పింది.
"సార్, దీనికి కేసరాలెక్కడ?"

దాంబో దాటి వస్తూ, ఆ నీళ్లూరే గడ్డినేలలో కోసిందట.
వేలెడంత గులాబీ కంకి.
భూతద్దం తీసి లెక్క మొదలుపెట్టాను.
బయట మూడు. లోపల మూడు.
లోపలి మూడింటిలో ఒకటి మాత్రం
తోటి రెండింటి మాట వినలేదు,
ముసుగై ముందుకు వంగి
వెనక్కి రెండు తోకలు సాచింది.
దాన్ని పెదవి అంటారన్నాను.
"పెదవి కింద కదా సార్ ఉండాలి?"

ఉండాలి.
చాలా ఆర్కిడ్లు మొగ్గలోనే మెడ తిప్పుకుంటాయి.
పిండిన బట్టలా అండాశయం మెలిపడి
పైదాన్ని కిందికి దించి
తుమ్మెదకు అరుగు వేస్తుంది.
ఇది తిరగలేదు.
పుట్టిన వైపే చూస్తూ ఉండిపోయింది.

మరి కేసరాలు?
కేసరమూ కీలమూ వేరువేరుగా నిలబడటం మానేసి
ఒక్క కంబమైపోయాయి.
గడ్డిపుల్లతో తాకితే
జిగురు కాళ్లతో రెండు పసుపు ముద్దలు ఊడివచ్చాయి.
మందారంలా పొడి రాల్చుకోదు ఇది,
పుప్పొడిని మూటగట్టి
ఉన్నదంతా ఒక్క పురుగు వీపున పంపిస్తుంది.
తరగతి మొత్తం బెంచీలెక్కింది.
ఎవరిదో తడి భుజం తగిలి నా మందారం సగం చెరిగింది.
మళ్లీ గీయలేదు.

మధ్యాహ్నం గేటు దగ్గర బానకసుబ, నెత్తిన తట్ట.
రోజూలాగే అప్పు మీద
చికండా ముక్క కోసి చేతిలో పెట్టింది.
దంచిన దుంపల పిండి, వేరుశెనగ పొడి, ఉప్పు, కారం,
ఉడికి గట్టిపడిన మట్టిరంగు రొట్టె.
సగం తిన్నాక, కూతురి చేతిలో కంకి చూసి నవ్వింది.
"మాస్టారూ, నువ్వు నమిలేది దాని కిందిదే."

దవడ ఆగింది.
ఇన్నేళ్లు తిన్నాను,
ఒక్కదాని ముఖం ఎరగను.

కింద రెండుంటాయట.
ఒకటి ముడతలు పడింది,
ఈ ఏటి పువ్వుకు పెట్టీ పెట్టీ డొల్లయింది.
రెండోది గట్టిది, తెల్లది, వచ్చే ఏటిది.
"మనకు పనికొచ్చేది వచ్చే ఏటిదే"
ముక్క ధర చెప్పినంత మామూలుగా అంది.
వాళ్లమ్మ రోజుల్లో బడి వెనకే తవ్వేవారు.
ఇప్పుడు రెండు రోజుల నడక,
బజారుకైతే సరిహద్దు అవతలి నుంచి బస్తాలు.
ముడతదాన్ని మళ్లీ గుంటలో పెట్టి
మడమతో నొక్కి వస్తుందట.
మొలుస్తుందా?
"మా అమ్మ నొక్కేది."
నా పుస్తకంలోనూ అంతకు మించి లేదు.
అసలు ఆ మాటే లేదు.

పరీక్షలో అడిగాను: పువ్వు పటం గీసి భాగాలు గుర్తించుము.
నలభై ఒక్క మందారాలు వచ్చాయి.
కసుబ కాగితంలో కంబం, ముసుగు పెదవి, రెండు తోకలు,
అన్నీ ఉండాల్సిన చోట.
ఆ తర్వాత అడ్డంగా నేలగీత.
గీత కింద రెండు గుండ్రాలు.
ఒకదాని పక్కన "పాతది" అని రాసింది.
రెండోది గీసి, చెరిపేసింది.
కాగితం అక్కడ పలచబడి
లాంతరుకు ఎత్తిపడితే వెలుతురు ఇటు వస్తోంది.
బాణం గుర్తు మాత్రం ఉంచేసింది.
దాని చివర పేరు లేదు.

ఎర్ర పెన్ను మూత తీసి చాలాసేపయింది.
బానకసుబకు పన్నెండు క్వాచాలు బాకీ.
బల్ల మీద, ఆకులో చుట్టి,
సాయంత్రపు ముక్క అలాగే ఉంది.